కాలువ గట్టున ఒక వారము

చరిత్ర అనగానే మనకు రాజులును, కోటలును, యుద్ధములును జ్ఞప్తికి వచ్చును. సంవత్సరములను కంఠస్థము చేసిన బాల్యము మనకందరకును కలదు. కాని మానవుడు సంవత్సరములలో జీవింపడు, వారములలో జీవించును. సోమవారము మొదలిడిన పని శనివారమునకు ముగిసినదా లేదా, సంతలో ఉప్పు దొరికినదా, చేప తాజాగా నున్నదా, రావలసిన పడవ వచ్చినదా లేక లాకు దగ్గరనే నిలిచిపోయినదా? ఏ ప్రభుత్వము వచ్చినను, ఏ ప్రభుత్వము పోయినను, ఇట్టి ప్రశ్నలతోనే గృహస్థులకు ప్రొద్దు గడచినది. ఇవి చిన్న విసుగులు, చిన్న సంతోషములు. వీనికి శాసనములు లేవు. ఆ కారణముచేతనే ఇవి చరిత్ర కావని మనము భ్రమపడుచుందుము.

నెల్లూరు సముద్రతీరమును గూర్చి ఆలోచించినపుడెల్ల మాకు ఈ భ్రమ తొలగిపోవును. ఆ తీరమున పెద్ద చరిత్రకును చిన్న చిరాకునకును నడుమ గోడ లేదు. ఒక ఉదాహరణము చెప్పెదము. 1626వ సంవత్సరమున ఆంగ్లేయ వర్తకులు ఈ తీరమునందలి దుగరాజపట్నమున ఒక వర్తకస్థానమును నెలకొల్పిరి. వారి వ్రాతలలో దానిపేరు ఆర్మగాము. అచట కొంతకాలము వర్తకము సాగినది. కాని కావలసిన బట్ట కావలసిన వెలకు దొరకలేదు. అక్కడి అధికారి ఫ్రాన్సిస్ డే అను నతడు మేలైన బట్ట చౌకగా దొరకు తావును వెదకుచు దక్షిణముగా పోయి, 1639లో ఒక ఇసుకదిబ్బను కౌలునకు సంపాదించెను. అదియే నేటి చెన్నపట్నము. ఒక మహానగరము పుట్టుకకు వెనుక నున్నది బజారులో బేరము కుదరని విసుగు! మన ఇంటి ఇల్లాలు ఒక కొట్టు విడిచి మరియొక కొట్టునకు పోవుటకును, డే దొరగారు దుగరాజపట్నము విడిచి పోవుటకును కారణము ఒక్కటియే.

ఈ తీరమునకు రెండు నీళ్ళు. తూర్పున సముద్రము, దానికి కొంచెము పడమరగా, సముద్రముతో జంటగా సాగిపోవు ఉప్పునీటి కాలువ. దానినే బకింగ్‌హామ్ కాలువ యందురు. దీని తొలిభాగము 1806లో మద్రాసునుండి ఎన్నూరు వరకు, సుమారు 11 మైళ్ళు, సిద్ధమైనది. బేసిల్ కాక్రేన్ అను వర్తకుడు దానికి పెట్టుబడి పెట్టుటచే అది చాలకాలము కాక్రేన్ కాలువగనే చెలామణి అయ్యెను. తరువాత అది పులికాటు సరస్సు వరకు పెరిగినది. 1837లో ప్రభుత్వము దానిని స్వాధీనము చేసికొని, క్రమక్రమముగా ఉత్తరమునకు పొడిగించినది. తుదకు మద్రాసునకు ఉత్తరముగా సుమారు 315 కిలోమీటర్ల దూరముననున్న పెదగంజాము వరకును, దక్షిణముగా 103 కిలోమీటర్ల దూరముననున్న మరక్కాణము వరకును అది వ్యాపించినది. పెదగంజాము దగ్గర కొమ్మమూరు కాలువతో కలియుటచే, కృష్ణా గోదావరి మండలములనుండి పడవలో బయలుదేరినవాడు సముద్రమును తాకకుండనే మద్రాసు చేరుటకు వీలు కలిగినది.

దీనికి ఆ పేరు వచ్చిన కథ మాత్రము దుఃఖకరమైనది. మన పెద్దలు ధాత కరువని చెప్పుకొను 1876-78 నాటి మహాక్షామమున దక్షిణదేశమున లక్షలాది జనులు ఆకలిచే మరణించిరి. బ్రతికినవారికి కూలి చూపుటకై ప్రభుత్వము తలపెట్టిన పనులలో ఈ కాలువ ఒకటి. మద్రాసు నగరమున కూవము నదిని అడయారు నదితో కలుపు 8 కిలోమీటర్ల భాగము ఆ కరువుపనిగనే త్రవ్వబడినది. అప్పటి గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు పేరు 1878లో కాలువ కంతకును పెట్టబడెను. పార పట్టినవారి పేర్లు ఎచ్చటను లేవు. అయినను ఆకలితో త్రవ్విన ఆ కాలువ మీదుగనే తరువాతి తరములవారి బియ్యపు బస్తాలు పయనించినవి.

ఇంతవరకు పుస్తకములలోని చరిత్ర. ఇక మా ఇంటిలోని చరిత్ర కొంత చెప్పెదము. కాలువ గట్టుననున్న ఒక చిన్న గ్రామమున మా తాతగారు ధాన్యపు వ్యాపారము చేసిరి. వారి చిట్టా పుస్తకములలో చెదలు తినగా మిగిలినది ఒక్కటి మా కడ నున్నది. అందు 1958 ఫిబ్రవరి నాటి ఒక వారపు లెక్కలు చెడకుండ నిలిచినవి. కుడి పుటలో తాతగారి వ్రాత; ఎడమ పుటలో నాయనమ్మగారి వ్రాత. ఆ వారము తాతగారు బస్తాలతో పడవపై మద్రాసునకు వెళ్ళిరి, నాయనమ్మ ఇంటనుండెను. ఒకే వారము రెండు చేతులతో వ్రాయబడినది. అందులో చెప్పుకొనదగిన సంఘటన ఏదియు లేదు. ఆ కారణముచేతనే దానిని శ్రద్ధగా చదివితిమి.

సోమవారము నాటి కుడి పుటలో బస్తాల లెక్క. అవి మొలకొలుకుల బియ్యము. 1855లో నెల్లూరు దగ్గర పెన్నపై ఆనకట్ట ముగిసిన పిమ్మట ఆ మండలమున వరి విస్తరించినది. మొలకొలుకుల పేరు మద్రాసు బజారుల వరకు ప్రాకినది. మంగళవారము ప్రయాణము కూడదను నమ్మికచే సోమవారము చీకటి పడకముందే పడవ కదలవలెనని తొందర. ఇంత తొందరపడి బయలుదేరిన పడవ తొలి లాకు దగ్గరనే రాత్రియంతయు నిలిచిపోయినది. దీనికి కారణము తెలిసికొనదగినది. ఈ కాలువ నీరు కొండల నుండి వచ్చునది కాదు. నదీముఖముల గుండ సముద్రపు పోటు లోనికి వచ్చును, పాటున వెనుకకు తగ్గును. నదులను దాటుచోట్ల రెండు ప్రక్కల నీటిమట్టము సరిపడువరకు లాకు తలుపులు తెరువరాదు. కనుక ఎంత ధనికుని పడవయైనను చంద్రుని ఆజ్ఞకు లోబడి నిలువవలసినదే. మంగళవారమును తప్పించుకొన బయలుదేరినవారు మంగళవారము తెల్లవారుజామున లాకు దాటిరన్నమాట. తాతగారు దానిని గూర్చి ఒక్క మాటయు వ్రాయలేదు. లాకు దగ్గర కొనిన అటుకులకు, బెల్లమునకు అయిన ఖర్చు మాత్రమే వ్రాసిరి. ఆ అటుకులు బెల్లము ఆ రాత్రి సరంగులతో కలిసి తినుట వారికి ఎంత ఇష్టమో, తరువాతి కాలమున మా తండ్రిగారు పలుమారు చెప్పగా వినియున్నాము.

మంగళవారము గాలి తిరిగినది. శీతకాలమున ఈశాన్యపు గాలి వీచునపుడు తెరచాప ఎత్తిన చాలును, దక్షిణమునకు పోవు పడవ సుఖముగా సాగును. మాఘము గడచునప్పటికి దక్షిణపు గాలి మొదలగును. అప్పుడు అదే పడవను గడలతో నెట్టవలెను, లేదా మనుష్యులు గట్టున నడచుచు త్రాటితో లాగవలెను. కూలి పెరుగును, దినములు పెరుగును. అయినను ఆ గాలియే ఉత్తరమునకు పోవు పడవలకు వరము. ఎదురుగా తెరచాపలు నింపుకొని నవ్వుచు పోవు పడవవారిని చూచి, త్రాడు లాగువారు ఏమనుకొనియుందురో ఊహించుట కష్టము కాదు. వచ్చుకాలమున తమకును ఆ సుఖము కలదని వారెరుగుదురు.

అదే దినమున ఇంటిలో వేరొక తగవు. 1957 ఏప్రిల్ 1వ తేదీనుండి మన దేశమున నయాపైసలు వచ్చినవి. రూపాయికి 16 అణాలు పోయి 100 నయాపైసలు వచ్చినవి. అణాకు లెక్కప్రకారము ఆరుంబావు. కాని పావు నయాపైస అను నాణెము లేదు. అందుచేత ఒక అణాకు 6, రెండణాలకు 12, మూడణాలకు 19 నయాపైసలని మార్పిడి పట్టిక నిర్ణయించినది. ఒక్కొక్క అణాగా ఇచ్చిన మూడు మార్లకు 18. ఒకేమారు ఇచ్చిన 19! నాయనమ్మ ఆకుకూరలు మూడుమార్లుగా కొని ఒక నయాపైస మిగిల్చినట్లు ఎడమ పుట సాక్ష్యము చెప్పుచున్నది. దాని ప్రక్కన గీచిన చిన్న గీత విజయచిహ్నమని మా అభిప్రాయము. దశాంశ పద్ధతిని గూర్చి పార్లమెంటులో జరిగిన చర్చలు చరిత్రయైనచో, ఈ ఒక్క నయాపైస ఎందుకు చరిత్ర కాదు?

బుధవారము ఎడమ పుటలో ఉప్పు కొన్న లెక్క కలదు. చాల తక్కువ సొమ్ము. కాని ఉప్పు నిస్సంకోచముగా కొనగలుగుట ఆ తీరమువారికి క్రొత్త సుఖమే. కంపెనీ ప్రభుత్వము 1805లోనే మద్రాసు రాజధానిలో ఉప్పును తన గుత్తాధికారము క్రిందకు తెచ్చినది. ఎండకు తానై పేరుకొన్న ఉప్పును ఇంటిముందే గుప్పెడు తీసికొనుటయు నేరమైనది. ఉప్పుకొఠారులకు కాపలా, తూకమునకు అధికారి, బస్తాకు పన్ను. సముద్రపు ఒడ్డున పుట్టినవారు ఉప్పు కొరకు ముఖము వాచవలసివచ్చుట కంటె నిత్యము గుచ్చుకొను ముల్లు వేరొకటి ఉండునా? 1930లో మహాత్ముడు దండికి నడచినపుడు, దూరదేశములవారికి ఉప్పు ఇంత పెద్ద ఉద్యమమునకు తగిన వస్తువా యను సందేహము కలిగినది. తీరవాసులకు ఆ సందేహము కలుగలేదు. ప్రతి దినము కూరలో వేయు వస్తువు మీది పన్ను ప్రతి దినము జ్ఞప్తికి వచ్చును. 1947లో ఆ పన్ను తొలగినది. పదునొకండు సంవత్సరముల తరువాత నాయనమ్మ ఆ లెక్కను మామూలుగా, ఆలోచింపకయే వ్రాసినది. ఆలోచింపకుండ ఉప్పు కొనగలుగుటయే ఆ పోరాటపు ఫలము.

అదే పుటలో క్రింద మరియొక మాట: రేడియో మాట్లాడుటలేదు. ఆ ఊరికి అప్పటికి విద్యుత్తు రాలేదు. రేడియోకు పెద్ద బ్యాటరీ వేయవలెను. అది ఎండిపోయిన మరల పట్నమునుండి తేవలెను. నెల్లూరు తీరమువారి రేడియో కథ కొంత విచిత్రమైనది. వారికి దక్షిణమున 1938 జూన్ 16న ప్రారంభమైన మద్రాసు కేంద్రము. ఉత్తరమున 1948 డిసెంబరు 1న ప్రారంభమైన విజయవాడ కేంద్రము. రెండింటి నడుమ వారి ఇల్లు. ఉప్పుగాలికి ఏరియల్ తీగ తుప్పుపట్టును. రాత్రివేళ ఒక కేంద్రము పాటలో మరియొక కేంద్రము మాట దూరును. అయినను పడవలో ఒకరు, ఇంటిలో ఒకరు ఉన్న కాలమున ఆ పెట్టె చెప్పు వాతావరణ వార్త వట్టి వార్త కాదు. అది మూగవోయిన వారమున ఇంటిలోనివారు ఆకాశమును చూచి, గాలి వాసన చూచి, పల్లెకారులను అడిగి తెలిసికొనవలసివచ్చెను. నాయనమ్మ వ్రాసినది ఒక్క వాక్యమే. ఆ వాక్యము క్రింద ఆ రాత్రి ఇంకేమియు వ్రాయలేదు.

గురువారము పడవ పులికాటు సరస్సు అంచున, శ్రీహరికోట ప్రక్కగా సాగినది. ఆ దీవి అడవి కట్టెలు ఈ కాలువ మీదుగనే మద్రాసు పొయ్యిలకు చేరెడివి. చలికాలమున ఆ సరస్సునకు వేలాదిగా పక్షులు వచ్చును. పొడవైన ఎర్రని కాళ్ళతో, వంపుముక్కుతో ఉండు వానిని అచటివారు రాజహంసలందురు. తాతగారి చిట్టాలో పక్షులకు లెక్క లేదు. కాని ఆనాటి పుటలో ఖర్చు కూడ లేదు. ఏమియు కొనక, ఏమియు అమ్మక గడచిన దినమది. వర్తకుని చిట్టాలో తెల్లగా మిగిలిన పుటకు అర్థము మేమెరుగుదుము: ఆనాడు వారు పడవ ముందు కూర్చుండి చూచుచు గడపిరి.

శుక్రవారము రాత్రికి పడవ మద్రాసు చేరినది. శనివారము బస్తాలు బేసిన్ బ్రిడ్జి ప్రాంతమున దిగినవి. అమ్మకపు సొమ్ము, సరంగుల కూలి, కాఫీపొడి, పిల్లలకు పలకలు, తుదకు రేడియో బ్యాటరీ, అన్నియు వరుసగా వ్రాయబడియున్నవి. ఆ పిమ్మట ఒక రైలు టిక్కెట్టు. 1899లో విజయవాడ మద్రాసుల మధ్య రైలుమార్గము పూర్తియైన నాటినుండి మనుష్యులకు పడవతో పని తగ్గినది. ఐదు దినములు పడవలో పోయిన దూరమును తాతగారు ఒక్క రాత్రిలో రైలుపై తిరిగివచ్చిరి. ఆ టిక్కెట్టు వెలను వారు వ్రాసిన తీరున విచారమేమియు లేదు. కాని ఆ కాలువ భవిష్యత్తు ఆ ఒక్క పంక్తిలోనే వ్రాయబడియున్నదని నేడు మనము చదువగలము.

ఆదివారము రెండు చేతివ్రాతలును మరల ఒకే పుటలో కలిసికొన్నవి. శనివారము నియమము వలన వండని చేపలు ఆదివారము ఉదయమున కొనబడినవి. నెల్లూరువారి చేపల పులుసు వండిన పూటకంటె మరునాటికి రుచి హెచ్చునందురు. కనుక దాని సంతోషము సోమవారమునకు కూడ కొంత మిగిలియుండును. ఆ సాయంకాలము రేడియో మరల పలికినట్లు నాయనమ్మ వ్రాసినది. ఏ కేంద్రము, ఏ కార్యక్రమము అను వివరము లేదు. పలికినది, అంతే.

ఆ వారము తరువాత కాలువకు చాల దినములు నిలువలేదు. 1965, 1966 సంవత్సరముల తుఫానులు గట్లను, లాకులను దెబ్బతీసినవి. అప్పటికే సరుకు లారీల కెక్కుచుండుటచే మరమ్మతునకు తొందర లేకపోయెను. పూడిక పేరుకొన్నది. 1969లో శ్రీహరికోట అంతరిక్ష ప్రయోగములకు ఎన్నిక చేయబడినది. 1971 అక్టోబరు 9న అచటినుండి తొలి రాకెట్టు లేచినది. కట్టెల పడవలు పోయిన తావునుండి నేడు ఉపగ్రహములు పోవుచున్నవి. 1990 ప్రాంతమునుండి రొయ్యల గుంటలు కాలువ నీటికి ఒక క్రొత్త పనిని కల్పించినవి. మురికిని కూడ తెచ్చినవి. 2008లో ప్రభుత్వము ఈ కాలువను 4వ జాతీయ జలమార్గములో చేర్చినది. పేరు చేరినది గాని, నెల్లూరు తీరమున తెరచాపలు తిరిగి రాలేదు.

అయినను ఆ కాలువ తన పని పూర్తిగా మానలేదు. 2004 డిసెంబరు 26న సునామీ అల తీరముపై విరుచుకొని పడినపుడు, అందరు మరచిన ఆ పాత కాలువ సముద్రపు నీటిలో చాల భాగమును తనలో నిలుపుకొని, కొన్ని నిమిషములలో తిరిగి వదలివేసినది. దానివలన పెదగంజామునుండి మద్రాసు వరకు గల ఎన్నో పల్లెలలో ప్రాణములు నిలిచినవి. కరువున ఆకలిగొన్నవారు త్రవ్విన కాలువ, వారి మునిమనుమల కాలమున ఒక ఉదయము ఇట్లు అడ్డుపడినది. దానిని త్రవ్వినవారు ఈ ఉపయోగమును కలలోనైనను తలచియుండరు. వారు తలచినది ఆనాటి కూలి, ఆనాటి గంజి మాత్రమే.

చివరకు మా వృత్తిని గూర్చి ఒక మాట ఒప్పుకొనవలసియున్నది. టేపు ఖరీదైన వస్తువుగా నున్న కాలమున, ప్రసారమైన దానిని చెరిపి అదే టేపుపై మరల రికార్డు చేయుట ప్రసార వృత్తిలో పరిపాటి. అప్పుడు ఏది ఉంచవలెను, ఏది చెరుపవలెను అను ప్రశ్న వచ్చినపుడు, నాయకుల ఉపన్యాసములు నిలిచినవి. లాకు తలుపు తెరచువాని మాట, త్రాడు లాగువాని పదము చెరిగిపోయినవి. ఎవరును దురుద్దేశముతో చేసినది కాదు. వారము చరిత్ర కాదను ఆ పాత భ్రమయే దానికి కారణము. ఇందులో మా వంటివారి వంతును మేము కాదనము.

కాలువ గట్టున పడవ నెక్కి లాకు దగ్గర రాత్రి గడపినవారు నేటికిని కొందరు మన మధ్య ఉన్నారు. ఎనుబదియేండ్లు దాటినవారు. వారిని అడిగిన, మాదేముంది నాయనా, మామూలు రోజులేగదా అందురు. ఆ మామూలు రోజులనే అడుగవలెను. పాఠకుల ఇండ్లలో అటకమీద చిట్టా పుస్తకము లున్నచో, తూకమునకు వేయకముందు ఒక్క వారమైనను చదివి చూడుడు. అందులో ఖర్చు వ్రాయని దినము ఒకటి కనబడినచో, ఆనాడు ఏమి జరిగినదో చెప్పగల పెద్దలు ఇంటిలో నున్నప్పుడే అడిగి, ఆ ఖాళీ పుటలో వ్రాసియుంచుడు. మా తాతగారిని ఆ గురువారమును గూర్చి అడుగవలెనని మాకు తోచునప్పటికి వారు లేరు.